మంచె మీద ఎనిమిది దాకా

"ఆగండి మామయ్యా! తుపాకీ ఖాళీ చెయ్యకుండా వేట మంచె ఎక్కకూడదు," అంటూ తెల్లవారుజామున డెట్లెఫ్ నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు. బీమా కంపెనీ ఉద్యోగి. నిచ్చెన కనబడితే చాలు, అతనికి విరిగిన కాలే గుర్తొస్తుంది.

"ఖాళీదేలే," అన్నాడు మామగారు కోర్బీనియన్. బవేరియా అడవుల్లో నలభై ఏళ్ల వేట ఆయనది.

"అందరూ అలాగే అంటారు. తర్వాత కట్టుతో మా ఆఫీసు మెట్లెక్కుతారు."

డెట్లెఫ్ తుపాకీ లాక్కుని తెరిచి చూశాడు. నిజంగానే ఖాళీ.

"మరి తూటాలేవి? పైకెక్కాక నింపుకోవాలిగా?"

మామగారు టోపీ సర్దుకున్నాడు. "తేలేదు."

"ఉండండి, ఇంటికెళ్లి పట్టుకొస్తా."

"ఇంట్లోనూ లేవురా బాబూ. కళ్లు మసకేసి తొమ్మిదేళ్లయింది. మీ అత్తయ్యకి చెప్పకు. తెలిస్తే శనివారాలు కూడా ఇంట్లోనే కూర్చోబెడుతుంది."

"మరి మనం ఆదివారాలు తినే అడవిపంది?"

"పక్కూరి మాంసం కొట్లోది. ఫారం పంది."

డెట్లెఫ్ తుపాకీ తిరిగిచ్చేశాడు. 'ఈ అడవి రుచి కొట్లో కొంటే రాదండీ' అని ఆఫీసువాళ్లని భోజనానికి పిలిచి మరీ ఉపన్యాసాలిచ్చింది తనే. రేపు మేనేజరు భార్యతో సహా వస్తున్నాడు.

చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "కొట్టు ఎన్నింటికి తెరుస్తాడు మామయ్యా?"

"ఎనిమిదింటికి. అందాకా పైన కూర్చోవాలి. మూడో మెట్టు ఊగుతుంది, చూసి ఎక్కు."