జంట వరసల కుట్టు

"ఈ జెండా ఎవరు కుట్టారమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మొన్నటిదాకా మా వీధి పిల్లలకు పాలు పోసిన సంఘం జెండా అది. ఆ సంఘాన్ని ఉగ్రవాద సంస్థంటూ నిన్ననే ప్రభుత్వం నిషేధించింది. నన్ను అందులోకి లాక్కెళ్ళిందీ, ఆ జెండా కుట్టిందీ మా వదినే.

నా పాపని ఒళ్ళో పెట్టుకునే వదిన చెప్పింది: "ఇంకెవరు సార్, మా మరదలే! వద్దే తల్లీ అని నెత్తీ నోరూ బాదుకున్నా వింటేనా?"

"వదినా!"

"పాపని నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి నిజం చెప్పెయ్."

పాపకి కప్పిన శాలువా అంచుకి కూడా, జెండాకున్నట్టే, జంట వరసల కుట్టు. అలా కుట్టేది వదిన ఒక్కతే. చూపించబోయి చెయ్యెత్తాను. ఇద్దర్నీ తీసుకెళ్తే పాపకింకెవరు?

ఎత్తిన చేత్తోనే శాలువా పాప మెడదాకా లాగి, "నేనే కుట్టాను సార్" అన్నాను.