ఇరవయ్యో వరుస

తిరుత్తణి దగ్గరి ఆ బడిలో తెలుగు తరగతి మూతపడకూడదంటే తెల్లారేలోగా ఇరవైమంది పాత విద్యార్థుల అర్జీలు విద్యాశాఖకు పోవాలి. కాంచన తాను చదివిన గదిలోనే, ముందు బెంచీ మీద ఒంటరిగా కూర్చుంది. పాత హాజరుపట్టీ ఒక పట్టిక, ఫోన్లలో వచ్చిన అర్జీలు ఇంకో పట్టిక. ల్యాప్‌టాప్‌లో పట్టికలు సరిచూసే 'ఆర్' ప్రోగ్రాం తెరిచి, అడ్మిషన్ నంబరు పట్టి రెంటినీ కలిపింది. రెంటిలోనూ ఉన్నవాళ్ళు పంతొమ్మిది మందే.

"ఇంగొకరు యాడ దొరుకుతారక్కా ఈ రేత్రి? పండుకో పో," అన్నాడు ఫోనులో, అర్జీలు పోగుచేసిన రఘు.

"నువ్వు పండుకో. నేను పోను."

కొత్తవేమైనా వచ్చాయేమోనని మళ్ళీ కలిపింది. ఇరవై.

కొత్త వరుస వజ్రమ్మది. రెండో బెంచీలో కాంచన పక్కన కూర్చునేది, చింతపండు ఉండ కొరికి సగమిచ్చేది. ఐదో తరగతిలోనే జ్వరమొచ్చి పోయింది. హాజరుపట్టీలో పేరుంటుంది, సరే. అర్జీ ఎవరు పెట్టారు?

బడి జ్ఞాపకం రాయమన్న గడిలో ఇలా ఉంది: "కాంచన నా బలపం తిరిగి ఇయ్యలేదు."

ఆ సంగతి కాంచన ఎవరికీ చెప్పలేదు.

చచ్చినవాళ్ళు వచ్చి అడిగితే గానీ తరగతి నిలవదంటే, అలాగే కానీ. ఆమె ఆ వరుస తీసెయ్యకుండానే పంపేసింది.

వెనక రెండో బెంచీ మీద, ఎవరో పక్కకు జరిగి చోటిచ్చిన చప్పుడైంది.