ఎంగిలి మెతుకుల పొయ్యి

వంటమనిషి ముత్తవ్వ గీసిన అగ్గిపుల్ల వేలి దాకా కాలి ఆరిపోయింది. పొయ్యి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

“ఇంకో పుల్ల గీయి అవ్వా,” అన్నాడు సత్యానందం.

“డబ్బా మొత్తం గీసినా గంతే సారూ. గుంతల ఏమన్న పడ్తే గద గ్యాసు వచ్చేది? అండ్ల ఎంగిలి మెతుకు పడక నెల దాటింది.”

సత్యానందం మంజీర యూనివర్సిటీలో కాంట్రాక్టు లెక్చరర్. పాఠాలు చాలవన్నట్టు హాస్టల్ వార్డెన్ పని కూడా అతని నెత్తినే పెట్టారు. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే దారిలో, చెరుకు తోటల పక్కన ఉన్న ఆ హాస్టల్‌కు ఈ ఏడాది రెండు పర్యావరణ పథకాలు వచ్చాయి. మొదటిది, మెస్‌లో మిగిలిన అన్నంతో గ్యాస్ తయారుచేసి ఆ గ్యాస్ మీదే వంట చేయడం. రెండోది, మెస్‌లో అన్నం అసలు మిగలకుండా చూడడం.

రెండూ ఒకే మీటింగులో చప్పట్ల మధ్య పాసయ్యాయి. అంతమంది పెద్దల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు, పాపం.

రెండోదాన్ని సత్యానందం మనసు పెట్టి చేశాడు. భోజనాల దగ్గర నిలబడి పిల్లల్ని బతిమాలాడు, బుజ్జగించాడు. వాళ్ళు కూడా మాట విని పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తినడం నేర్చుకున్నారు. దాంతో పెరట్లోని గ్యాస్ గుంత పస్తు పడుకుంది. రెండు పథకాలనూ చూడడానికి ఇంకాసేపట్లో తనిఖీ బృందం వస్తోంది.

“నవీపేట్ల మా చెల్లెకు బర్రెలున్నయి. పెండ తెప్పియ్యాల్నా?” అంది ముత్తవ్వ.

“గిప్పుడు ఏస్తే గ్యాసు గిప్పుడే వస్తదా అవ్వా?”

అతను రిజిస్ట్రార్ రాజేందర్‌కు ఫోన్ చేశాడు.

“సార్, పొయ్యి అంటుకుంటలేదు. అన్నం మిగుల్తలేదు కాబట్టి గ్యాసు లేదని చెప్పేస్త. ఉన్న మాటే గదా.”

“దిమాక్ ఉన్నదా నీకు? ఆ పొయ్యి మీదనే వంటంతా నడుస్తున్నదని రిపోర్టుల రాసినం.”

“అయితే అన్నం మిగుల్తున్నదని చెప్పాల్నా?”

“అదేమో సున్నా అని రాసినం. రెండూ చూపియ్యాలె సత్యానందం. జూన్‌ల నీ రెన్యువల్ నా టేబుల్ మీదికే వస్తది, యాదుంచుకో.”

ఏటా జూన్ వస్తోందంటేనే సత్యానందానికి నిద్ర పట్టదు. ఈ వయసులో ఇది పోతే ఇంకెవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని. కాకపోతే ఇక్కడ కుడితి కూడా లేదు.

ముత్తవ్వ గొంతు తగ్గించింది. “స్టోర్ రూంల నిండు సిలిండర్ ఉన్నది సారూ.”

తరవాత పని చకచకా జరిగిపోయింది. గోడకు రంధ్రం పడింది, పైపు లోపలికి దూరింది, చుట్టూ ఇంత సిమెంటు మెత్తారు. సిలిండర్ బియ్యం బస్తాల వెనక దాక్కుంది. పొయ్యి భగ్గున అంటుకుంది.

బృందం రానే వచ్చింది. మంట చూసి ముచ్చటపడ్డారు, ఖాళీ చెత్తడబ్బా చూసి ఇంకా ముచ్చటపడ్డారు. రాజేందర్ ముఖం వెలిగిపోయింది. అందరూ తోట వైపు కదిలారు, ఒక్క భానుప్రసాద్ తప్ప. ఆయన కోస్తా వైపు ఏదో యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్.

“మీరు నడవండి, నేనొస్తాను,” అని వాళ్ళను పంపేసి సత్యానందం వైపు తిరిగాడు. “నేనూ మా దగ్గర హాస్టళ్ళ డీన్‌నేనండి. ఈ పొయ్యిల సంగతి నాకు బాగా తెలుసు.”

సత్యానందం మెల్లగా పొయ్యికి అడ్డం జరిగాడు.

“మంట కాస్త ఎర్రగా ఉందేంటి? ఈ గ్యాస్‌కు నీలంగా రావాలి కదా.”

“గాలి... గాలి తగుల్తున్నది సార్.”

భానుప్రసాద్ వంగి గిన్నె అడుగు వేలితో తాకాడు. అంటిన మసిని రుమాలుకు తుడుచుకున్నాడు. “పైపు గోడలోంచి వస్తోందే! సిమెంటు ఇంకా తడిగా ఉంది. అవతల ఏముంది?”

“స్టోర్ రూం సార్. బియ్యం బస్తాలు.”

“తాళం తీయండి.”

“మిగతా సార్లకు చాయ్ చెప్పొస్త,” అంటూ గుమ్మం దగ్గరే ఆగిన రాజేందర్ మెల్లగా జారుకున్నాడు. ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్యానందం తాళం తీశాడు.

భానుప్రసాద్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఒక బస్తా పక్కకు లాగాడు. ఎర్ర సిలిండర్ బయటపడింది.

ఇక దాచి లాభం లేదు. సత్యానందం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తప్పే సార్. గానీ నన్నేం చెయ్యమంటరు? అన్నం మిగిల్తే ఒక తప్పు, మిగలకపోతే ఇంకో తప్పు. ఎటు పోదామన్నా తొవ్వ లేకపాయె.”

భానుప్రసాద్ ఫోన్ తీసి సిలిండర్‌ను, పైపును, రంధ్రాన్ని, బస్తాలను వరసగా ఫోటోలు తీశాడు.

“వాసన బయటికి రాకుండా ఏం చేశారు?”

“ముత్తవ్వ ఉల్లిగడ్డ పోపు పెట్టింది సార్.”

భానుప్రసాద్ ఆ ముక్క కూడా టైపు చేశాడు. ఫోటోలు వెళ్ళిపోయినట్టు ఫోన్ కూసింది. సాక్ష్యాలన్నీ చేరాల్సిన చోటికి చేరిపోయాయి. జూన్ దాకా కూడా ఆగనక్కర్లేదు.

“ఎవరికి పంపిండ్రు సార్?” అడిగాడు సత్యానందం. “మా వీసీ సార్‌కా?”

“మా వార్డెన్‌కండి, సోమవారం తనిఖీ మా హాస్టల్‌కే.”