మిగతా దేశాలు

జపాన్‌లోని కోబెలో మా ఇంటి ముందుగదికి ‘అంతర్జాతీయ పాఠశాల’ అని బోర్డు తగిలించి, ప్రిన్సిపాల్‌ని కదా అని కొత్త కోటు వేసుకున్నాను. చేరింది మా అమ్మాయి మియో ఒక్కతే.

"మిగతా దేశాలు ఎప్పుడొస్తాయమ్మా?" అంది.

అంతలో పక్కింటి కురాతాగారు మనవరాలితో వచ్చారు.

"బ్రెజిల్లో పుట్టిన పిల్లమ్మా. మన భాష రాదు. బడంటేనే ఏడుస్తోంది."

ఆ పిల్ల ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పరువు పోకూడదని ఇంగ్లీషులో స్వాగతోపన్యాసం మొదలుపెట్టాను. పిల్ల బిక్కమొహం వేసింది.

మియో గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పిల్ల గటగటా తాగి నవ్వింది.

"దాని భాష నీకెలా తెలుసే?"

"తెలీదు. మొహం చూశాను. నువ్వు చూడలేదా?"

ఇప్పుడు మాది మూడంతస్తుల బడి. కొత్త పిల్లలొస్తే గుమ్మంలో మియో నిలబడుతుంది. నీళ్ళు నేనందిస్తాను.