రాబందుగాడు

సూర్యకుమారి ఆవు తెల్లవారుతూనే చచ్చిపోయింది. ఆమె ఏడుపు ఆగకముందే అతను ట్రాలీ ఆటోతో గుమ్మం ముందు దిగాడు.

"అమ్మా, కళేబరం నాకిస్తారా? కొండ మీదికి తీసుకెళతాను."

మందస చుట్టుపక్కల ఎక్కడ గొడ్డు చచ్చినా ఇతను వాలిపోతాడు. ఏ ఊరివాడో, ఎవరి మనిషో తెలియదు. ఊరు అతనికి పెట్టిన పేరు రాబందుగాడు.

"సచ్చిన గొడ్డుతో నీకేటి పని?" మరిది ఉమామహేష్ అడ్డం నిలబడ్డాడు.

అతను సూర్యకుమారి వైపు తిరిగాడు. "నొప్పులకి సూదేమైనా వేయించారా అమ్మా? ఆ మందు ఒంట్లో ఉంటే తిన్నవాటి కిడ్నీలు పోతాయి."

కిడ్నీ! ఈ ఉద్దానం ఊళ్లలో ఆ మాట వింటే గుండె గుభేలుమనని ఇల్లు లేదు. సూర్యకుమారి మొగుడే వారంలో సగం రోజులు పలాసలో డయాలసిస్ మంచం మీద ఉంటాడు. పరీక్షలకని రక్తం పట్టుకెళ్లినవాళ్లూ, నీళ్లు పట్టుకెళ్లినవాళ్లూ బోలెడుమంది. ఎవరొచ్చినా ఆమెకు ఒరిగింది లేదు.

"ఈడు సర్కారు మనిసి వదినా," ఉమామహేష్ ఆమె చెవిలో ఊదాడు. "సింహాచలం మావని పట్టించడానికే వొచ్చేడు."

సింహాచలం పశువులకు సూదులు వేస్తాడు. చదువూ లేదు, లైసెన్సూ లేదు. కానీ పిలిస్తే చెప్పులు మరిచి పరిగెత్తుకొచ్చేది ఆ ఒక్కడే. నిన్న ఆవుకు నొప్పి సూది వేసిందీ అతనే. అలాంటివాడి నోటికాడి కూడు తీస్తానా అనుకుందామె.

"సూదీ నేదు, గీదీ నేదు."

"నిజమేనా అమ్మా?"

"నీకు అబద్ధం సెప్పి నాకేటొత్తాది?"

"మీ మాట నమ్మి తీసుకెళుతున్నాను," అంటూ అతను చేతులు జోడించాడు.

ఆ వారమే ఊళ్లోకి అటవీశాఖ జీపు వచ్చింది. వెనక గోనెపట్టా మీద రెండు పెద్ద పక్షులు మెడలు వాల్చేసి పడి ఉన్నాయి. పక్కన రాబందుగాడు.

రాబందులు! ముసలివాళ్లు పోల్చారు. ఊళ్లో కుర్రకారు వాటిని ఎన్నడూ చూసి ఎరగదు.

"సూది మందున్న ఆవుని తిని చచ్చాయి. ఎవరిదా ఆవు?" జీపులోని ఆఫీసరు గద్దించాడు.

తిన్నవాళ్ల కిడ్నీలు అనలేదు ఆ రోజు రాబందుగాడు. తిన్నవాటి అన్నాడు. సూర్యకుమారికి ఇప్పుడు అర్థమైంది. సింహాచలం జనం వెనక నక్కాడు.

రాబందుగాడు ఇద్దరినీ చూశాడు. తల దించుకున్నాడు.

"వీళ్లనేమీ అనకండి సార్. సూది సంగతి నేనే అడగలేదు."

"అయితే నీకిక్కడ ఇంక పని లేదు. పద."

అతను ఒక పక్షి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలని సూర్యకుమారి నోరు తెరిచింది. సిగ్గేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరికి డ్రైవరు దగ్గరికెళ్లి అడిగింది. "ఎవులు బావూ ఆయన?"

"గౌరీశంకర్ గారు," అన్నాడు డ్రైవరు బండి తీస్తూ. "ఆ రెండూ గుడ్డులోంచి వచ్చిన నాటి నుంచీ, చేతికి రాబందు తల బొమ్మ తొడుక్కుని, ముక్క ముక్కా నోటికందించి పెంచి, ఆ కొండ మీద వదిలారమ్మా. వాటికి తెలిసిన తల్లి రాబందు ఆయనే."