పొయ్యి పక్క రాయి

ఆ సాయంత్రం పొయ్యి మూత సరిగా పెట్టానా, లేదా?

చున్‌హీని చిన్ననాటి నుంచి తొలుస్తున్న అనుమానం ఇదొక్కటే.

వంటింట్లో బొగ్గుబిళ్ల రాజేస్తే ఆ వేడి గది నేల కింద రాళ్ల సందుల్లోంచి పాకేది. ఇంటిల్లిపాదీ ఆ వెచ్చని నేల మీదే పడుకునేవారు. ఆ సాయంత్రం బిళ్ల మార్చి మూత పెట్టింది పదేళ్ల చున్‌హీ. తెల్లారేసరికి గదినిండా విషవాయువు. విరుగుడని ఊరవేసిన ముల్లంగి నీళ్లు గొంతులో పోసినా తమ్ముడు కిహో ఒక్కడు కళ్లు తెరవలేదు.

ఏటా చర్చిలో తమ్ముడి పేర పూజ చెప్పించేది. ఈ మాట మాత్రం పాపసంకీర్తనంలో ఫాదర్‌కి కూడా చెప్పుకోలేకపోయింది.

ఇన్నాళ్లకు ఆ పాత ఇంటిని బాగుచేయిస్తోంది. రాళ్లు పీకించి, నేల కింద వేడినీళ్ల గొట్టాలు వేయిస్తోంది.

పనివాళ్లు తవ్వుతుంటే ఎవరో ముసలాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

అలాంటివాళ్లు రోజూ వస్తూనే ఉన్నారు. మసిపట్టిన ఆ పలకరాళ్ల మీద పందిమాంసం కాలిస్తే రుచి అని హోటళ్లవాళ్లు ఎగబడి కొంటారు.

"ఏ హోటలు తాతా? రాయి ఒక్కటే చాలా, పందిని కూడా మేమే చూడాలా?" అన్నాడు మేస్త్రీ.

ముసలాయన నవ్వలేదు. పొయ్యి పక్క రాయి దగ్గర కూర్చుని, దాని మీది బీటను వేలితో చూపించాడు.

"ఈ నేల వేసింది నేనేనమ్మా. రాయి పగిలిందని తెలిసే మట్టి మెత్తేశాను. మీ తమ్ముణ్ణి తీసుకుపోయింది ఈ బీటే."

చున్‌హీ ఆ బీట మీదికి వంగింది.

"ఆ పాపం నాదేననుకుని బతికాను, తెలుసా?"

"తెలుసమ్మా. అందుకే వచ్చాను."

ఇన్నేళ్లూ నోరు ఎక్కడ పెట్టుకున్నావని అడిగింది. మా అమ్మ ఏడ్చి ఏడ్చి పోయిందని అరిచింది. అతను తలవంచుకుని అన్నీ విన్నాడు. లేచి వెళ్తుంటే, పీడ వదలాలని వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి అతని వీపు మీద చల్లింది.

గొట్టాలు పడ్డాయి. ఆ చలికాలం చున్‌హీ హాయిగా నిద్రపోయింది. ముసలాయన మీద మాత్రం కోపం పోలేదు. అతన్ని క్షమించలేకపోతున్నానని ఫాదర్‌తో చెప్పుకుంది.

మంచు కరిగాక, పూజ అయి బయటికి వస్తుంటే ఒకావిడ ఎదురొచ్చింది. మీరు నేల తవ్విస్తున్నప్పుడు, మా నాన్న పోయేముందు మీ ఇంటికి వచ్చారటండీ అంది.

"ఆయన వేసిన నేలే మా తమ్ముణ్ణి మింగింది. మీతో నాకేం మాటలు?"

ఆవిడ తెల్లబోయింది.

"నేల వేయడమా? మా నాన్న జన్మలో ఆ పని ఎరగరు. ఈ సందుల్లో బొగ్గుబిళ్లలు మోసేవారు. మీ తమ్ముణ్ణి సాగనంపిన రోజు, మూత నేనే పెట్టానని మీరు ఏడవడం విన్నారట."

"మరి నాతో అలా ఎందుకు చెప్పారు?" అంది చున్‌హీ.

"ఓసారి మంచులో కొయ్యబారి పడిపోతే, మీ అమ్మగారు పొయ్యి పక్క వెచ్చని నేల మీద పడుకోబెట్టి అన్నం పెట్టారట; ఆ ముద్ద రుణం మొన్న తీర్చుకున్నానని చెప్పి, నిశ్చింతగా కన్నుమూశారు."