రమణబాబు సీసా మానాడు

వెండి గ్లాసు పెదవికి తగలగానే రమణబాబు మూతి బిగించాడు. రెండోసారి పెడితే చేత్తో ఒక్కటిచ్చాడు. పాలన్నీ వరలక్ష్మమ్మ ఒళ్లో పడ్డాయి.

"వీడి పంతం పాడుగాను!" అందావిడ చీర దులుపుకుంటూ.

పక్కింటి గున్నమ్మ గోడ మీంచి తొంగి చూసింది. నర్సీపట్నంలో ఎవరింట పాలు పొంగినా ఆవిడకి తెలియాల్సిందే.

"ఏటమ్మా, అన్నప్రాసనయ్యి ఇన్నాళ్లయింది, నీ కొడుకింకా సీసా ఒదల్లేదేటి?"

"నా చేత్తో తాగితే కదా! వాడికి సీసాయే కావాల. అదీ వాళ్ల పిన్నే పట్టాల."

గున్నమ్మ నవ్వింది. ఆ నవ్వు వరలక్ష్మమ్మకి ఒళ్లంతా కారం రాసినట్టయింది. పదేళ్లు పిల్లల్లేరని ఊరంతా జాలిపడ్డ మనిషి. కిందటేడు పురుడని విశాఖపట్నం వెళ్లి, తోడుకి చెల్లెలు సింహాద్రిని తీసుకెళ్లి, ఒళ్లో మగబిడ్డతో బస్సు దిగింది. ఆనాటి నుంచీ ఆవిడ నడకే మారిపోయింది. అలాంటిది, ఆ బిడ్డే ఇప్పుడు ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకుంటున్నాడు.

సీసా వ్యవహారమంతా సింహాద్రిదే. పెరటిగదిలో తలుపేసుకుని పాలు నింపి తెచ్చేది. పిల్లాడి పాల మీద పరాయి కన్ను పడితే దిష్టి అని వరలక్ష్మమ్మే ఆ కట్టడి పెట్టింది. హైస్కూలు మేష్టారైన మొగుడు నారాయణమూర్తి కూడా ఆ గది ఛాయలకి వెళ్లేవాడు కాదు.

ఇప్పుడా సీసా మానిపించాలి. వచ్చే బుధవారం రావికమతం నుంచి తాతబ్బాయి గారు, భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని సింహాద్రిని చూడ్డానికి వస్తున్నారు. జీడితోటలున్న కుటుంబం, బుద్ధిమంతుడైన కుర్రాడు. సంబంధం కుదిరితే పిన్ని వెళ్లిపోతుంది. మరి పిల్లాడికి పాలెవరు పడతారు?

"పెళ్లయ్యేదాకా ఉండనీయక్కా" అని బతిమాలింది సింహాద్రి.

"కుదర్దు. వాళ్లొచ్చేసరికి ఈ యవ్వారం అయిపోవాల. నీ బతుకు కోసమే సెప్తన్నాను."

"వాడికి ఆవుపాలు పడవేమోనక్కా..."

"ఆకలేస్తే అన్నీ పడతాయి."

అంటూనే సీసా లాక్కుని పెరట్లో చాకిరేవు బండకేసి కొట్టింది వరలక్ష్మమ్మ. సింహాద్రిని పెరటిగదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టింది. పిన్ని కంటబడితే వాడు గ్లాసు ముట్టడని ఆవిడ ధీమా.

పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. లోపల్నుంచి సింహాద్రి అరచేతులతో తలుపు బాదింది.

"ఒక్కసారి ఇయ్యక్కా! ఎత్తుకుని బేగి ఇచ్చేస్తాను!"

"నోర్ముయ్! ఊరంతా వింటాది."

నారాయణమూర్తి గొడుగు పట్టుకుని బజారుకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఉన్నా ఆయన వల్ల అయ్యేదేమీ లేదు లెండి.

పొద్దు వాలేసరికి పిల్లాడికి ఏడ్చే ఓపిక కూడా పోయింది. పెదాలు ఎండిపోయాయి. వరలక్ష్మమ్మ వాడి బుగ్గలు నొక్కి నోరు తెరిపించి, గ్లాసు వంచింది. కక్కాడు. మళ్లీ పోసింది. ఈసారి మింగాడు. ఇంకో గుక్క, ఇంకో గుక్క.

"నా తండ్రే!" అని వాణ్ణి గుండెలకి హత్తుకుని ఏడ్చేసింది. నిజంగానే ఆవిడకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మర్నాటికి సింహాద్రికి జ్వరం ముంచుకొచ్చింది. ముట్టుకుంటే కాలిపోతోంది. డాక్టర్ని పిలుద్దామన్నాడు నారాయణమూర్తి.

"బెంగజ్వరం. అదే తగ్గుతాది" అని కొట్టిపారేసింది వరలక్ష్మమ్మ.

అలాగని బొత్తిగా పట్టించుకోలేదనడానికి లేదు. పూలమ్మే మనిషిని రోజూ గుమ్మంలో ఆపి, మల్లెపూలు దోసిళ్లకొద్దీ కొని తనే పెరటిగదిలోకి తీసుకెళ్లేది. గున్నమ్మ కన్ను దాని మీదా పడింది.

"అన్ని పూలు కొంటన్నావు, పెళ్లికూతురి తల్లో ఒక్కటీ లేదేటి?"

"ఎండలమ్మా. పెట్టీపెట్టగానే వాడిపోతన్నాయి."

బుధవారం రానే వచ్చింది. సింహాద్రిని గదిలోంచి తెచ్చి, లేతపసుపు పట్టుచీర కట్టించి, చాప మీద కూర్చోబెట్టారు.

"కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది పెళ్లికొడుకు తల్లి.

"సిగ్గండీ" అంది వరలక్ష్మమ్మ ఠక్కున.

పెళ్లికొడుకు వంగి తన తండ్రి చెవిలో ఏదో అన్నాడు. తాతబ్బాయి గారు పెద్దగా నవ్వారు.

"మేష్టారూ, ఇంక దాపరికమేటండీ! పిల్ల మావాడికి నచ్చింది. తాంబూలాలకి మంచిరోజు సూడండి."

వరలక్ష్మమ్మకి ప్రాణం లేచొచ్చింది. అటు చెల్లెలి పెళ్లి కుదిరింది, ఇటు కొడుకు తన చేతికి వచ్చాడు. ఆవిడ సంబరం పట్టలేకపోయింది. లోపలికెళ్లి, అప్పుడే నిద్రలేచిన పిల్లాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో పాలగ్లాసు పట్టుకుని వచ్చింది.

"మా బాబండీ. సీసా మానేశాడు. ఎంచక్కా నా చేత్తోనే తాగుతాడు, సూడండి."

పిల్లాడు గ్లాసు వైపు చూడలేదు. ఇన్నాళ్లకి కంటబడ్డ పిన్నిని చూశాడు. రెండు చేతులూ చాపి గొల్లుమన్నాడు.

సింహాద్రి తలెత్తలేదు. అక్క చెప్పినట్టే, గోళ్లు అరచేతుల్లో దిగేలా పిడికిళ్లు బిగించి బొమ్మలా కూర్చుంది.

"పిన్నంటే ప్రాణమండీ వాడికి" అంటూ నవ్వింది వరలక్ష్మమ్మ.

పెళ్లికొడుకు తల్లి కూడా నవ్వుతూ సింహాద్రి వైపు తిరిగింది.

పిల్లాడి ఏడుపుకి, దోసిళ్లకొద్దీ మల్లెపూలు కట్టినా ఇంకని పాలు చేపుకొచ్చి, సింహాద్రి రొమ్ముల మీద లేతపసుపు పట్టుచీర అందరూ చూస్తుండగానే రెండువైపులా తడిసిపోతోంది.